రబ్బర్ ఇంకో గిన్నె

ఆగస్టు 6, మంగళారం

ఎర్ర చుక్క నొక్కిన. మాట్లాడుతున్న.

మనుమడు నితిన్ పెట్టిచ్చిండు ఫోన్ల. "అవ్వా, నువ్వు చెప్తుంటే అదే రాసుకుంటది. ఆయితారం సంఘం పంచుల ముందర ఏం చెప్పాలెనో ముందుగాల దీనికి చెప్పుకో, తప్పితే మల్ల చెప్పు" అన్నడు. రాసింది నేను సదువలేను. ఇంక ఎవ్వలు సదవద్దు. గట్లయితేనే చెప్త.

నా పేరు సుందరాబాయి. సోలాపుర్‌ల కుంఠా నాకా కాడ మా ఇంటెనుక చిన్న కార్ఖానా ఉన్నది. నా కొడుకు గణేశ్ పెట్టిండు. వాడు పోయినంక కోడలు యశోద నడుపుతున్నది. పవర్‌లూమ్‌లకు పిక్కర్లు పోస్తం. పిక్కరంటే మగ్గంల నాడెను ఈ మూలకెల్లి ఆ మూలకు తన్నే ముక్క, అరచెయ్యంత ఉంటది. పంచులకు ఎరుకే, ఫోన్‌కు ఎరుక లేదని చెప్తున్న. ఎన్కట తోలుతోని చేస్తుండ్రి. ఇప్పుడు గింజల లెక్కుండే నైలాన్ దాణా, రబ్బర్ దాణా కలిపి కరగవెట్టి సాంచల, అంటే అచ్చుల పోస్తం. ఉత్త నైలాన్ అయితే దెబ్బకు పలుగుతది. ఉత్త రబ్బర్ అయితే నాడె మూతి దాంట్ల దిగవడ్తది. రెండు కలిస్తే గట్టిగ ఉంటది, దెబ్బ ఓరుస్తది. అవి కలవాలంటే మూడోది ఒకటి పడాలె. దాని పేరు నితిన్‌కే నోరు తిరుగుతది, మేం జోడు దాణా అంటం.

పోయిన బేస్తారం ఎల్లయ్య మగ్గాల షెడ్డుల మా పిక్కర్ పొరలు పొరలు లేసింది. నాడె దారి తప్పి ఎగిరింది. పక్కన కండెలు చుట్టే కమల మొకానికి తగిలింది. కుడి కన్నుకు పట్టీ కట్టిన్రు. చూపు వస్తదో రాదో డాక్టర్ చెప్తలేడు.

పంచులు అడిగేది ఒక్కటే. ఆ మాల్ ఎవలు కలిపిన్రు? కలిపింది కిష్టయ్య. మా కార్ఖానాల దాణా కలిపేది ఆయననే. నాకు మిషన్ తెల్వదు. నేను ముసలిదాన్ని, బీడీలు చుట్టుకుంట మూలకు కూసుంట. ఇదే నా కేసు.

మంచిగ వచ్చింది. ఎక్కడ తప్పలే.

ఆగస్టు 7, బుధారం

కిష్టయ్య పనికి రాలే. రానోడే తప్పు చేసినట్టు. నేనైతే రోజు లెక్కనే కార్ఖానాలకు పోయిన.

ఆగస్టు 8, బేస్తారం

నితిన్ మల్ల వచ్చిండు. వాడు పూణెల ప్లాస్టిక్ సదువు సదివిండు, ఆడనే కొలువు. విరిగిన పిక్కర్ ముక్క పట్టుకపోయి చిన్నది పెద్దగ చూపెట్టే మిషన్ కింద పెట్టి ఫోటోలు తీపిచ్చిండట. ఫోటోల ఆ ముక్క కొండ లెక్క అవుపడ్తది.

"ఇది మన పాత మాల్, మంచిది" అని ఒకటి చూపెట్టిండు. నైలాన్‌ల రబ్బర్ నలకలు నలకలున్నయి. గసగసాలు చల్లినట్టు, అంతట ఒక్క తీరు.

"పగులు లేసిందనుకో అవ్వా, పోయి పోయి ఒక నలకకు తాకుతది. ఆడ దాని జోరు తగ్గుతది. ఇంకోదానికి తాకుతది, ఇంక తగ్గుతది. చివరికి అలిసిపోయి ఆగుతది. దెబ్బ ఓర్చుడంటే అదే."

"ఇది?"

"ఇది కమలక్కకు తగిలిన రోజుది."

దాంట్ల గసగసాలు లేవు. సాబుదానా, సగ్గుబియ్యం అంత ఉండలు. ఇంక కొన్ని సాబుదానాలు ఒకదానికొకటి అంటుకొని పట్టీల లెక్క సాగినయ్. ఒక్కో ఉండ చుట్టు నల్లగ సందు. ఉండలు కొన్ని ఊడిపోయిన జాగల గుంతలే మిగిలినయ్. నాకు సదువు రాదు గని కండ్లున్నయ్. వాడు ఏం చెప్పకముందే ఫోటో అవతలికి నూకిన.

"దీంట్ల జోడు దాణా పడలే. రబ్బర్‌కు నైలాన్‌కు పొత్తు కుదరది, అది పడితేనే ఒకదాన్నొకటి పట్టుకుంటయ్. పైకెల్లి రబ్బర్ కూడ ఎక్కువ పడ్డది. ఇంక జర పడితే మొత్తం ఉల్టా అవుతుండె. నైలాన్‌ల రబ్బర్ ఉండే కాడ రబ్బర్‌ల నైలాన్ అవుతుండె."

"జోడు దాణా లేకున్నా మంచిగ కలిపితే? రెండుసార్లు మిషన్ల నడిపితే?" అన్న.

"మిషన్ల తిరిగినంత సేపే సన్నగుంటయ్. సాంచల పడి సల్లారే లోపల మల్ల దగ్గరికొచ్చి ఒక్కటైతయ్. చారు మీద నూనె చుక్కలు చూడలేవా? ఎంత తిప్పినా..." అనుకుంట ఆగిండు. నన్ను చూసిండు.

"రెండుసార్లు నడిపిన్రని నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్తరు. ఉత్తగ అడిగిన."

"కిష్టయ్య మామకు జోడు దాణా మానెయ్యమని ఎవలు చెప్పిన్రు అవ్వా?"

"నన్నెందుకు అడుగుతవ్? పూణె సదువులు సదివినోనివి, ఫోటోను అడుగు."

యశోద లోపటికెల్లి చాయ్ పట్టుకొచ్చింది. కప్పులు కింద పెట్టుకుంట కొడుకుతోని అన్నది, "అవ్వకు మిషన్ ఏం ఎరుక? ఆమెను సతాయించకు." నా దిక్కు మాత్రం చూడలే.

యశోదకు ఎరుకనే.

ఆగస్టు 9, శుక్కురారం

నాగపంచమి. కార్ఖానా బందు. ఇంట్ల కత్తి ముట్టలే, పెనం పెట్టలే. జొన్న పేలాలు మూటగట్టుకొని దవాఖానాకు పోయిన. పోకుంటే నలుగురు ఏమనుకుంటరు అని పోయిన. గట్లనే పోయిన, ఇంకోటి లేదు.

కమల మంచం మీద కూసున్నది. సగం మొకం పట్టీలనే ఉన్నది. నన్ను చూడంగనే నవ్వింది.

"రా అత్తమ్మా. బీడీలు చుట్టనీకి ఒక కన్ను సాలదా? ఆకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, దారం కట్టుడు. నీ లెక్క నేను కూడ కండ్లు మూసుకొని చుడ్త."

"నోరు మూసుకో పిల్లా. చూపు వస్తది."

"రాకుంటే గూడ ఒక ఫాయిదా ఉన్నది. మా ఆయన ఆ దిక్కున కూసుంటే అవుపడడు."

పక్క మంచపామె పక్కున నవ్వింది. నేను గూడ నవ్విన. నవ్వి అవతలికి తిరిగి ముక్కు తుడ్సుకున్న.

జర సేపటికి కమల మెల్లగ అన్నది, "నిన్న కిష్టయ్యన్న వచ్చిండు. నా కాళ్ళు పట్టుకున్నడు. లెవ్వమంటే లెవ్వడు. గంత పెద్ద మనిషి. ఏమైందన్నా, ఎట్లయిందన్నా అంటే ఏం చెప్పడు. పసిపోరగాని లెక్క ఏడుసుడే. నాకైతే ఆయన మీద కోపం రాలే అత్తమ్మా. వచ్చుండాలె గద?"

పేలాలు చేతుల పెట్టి వచ్చిన.

ఆగస్టు 10, శనారం

కేసు మల్ల చెప్తున్న. మొదలు చెప్పిన దాంట్ల జర తప్పున్నది.

రథం పండుగ ముందర మాల్ మస్తు అడిగిన్రు. పున్నమ నాడు మార్కండేయ రథం ఎల్తదంటే ఆ లోపల అందరు చద్దర్లు నేసి దించుకోవాలె, మగ్గాలు ఆగొద్దు. జోడు దాణా బొంబాయికెల్లి రావాలె, వానలకు బండి ఆగింది. యశోద ఊరికి పోయింది. కిష్టయ్య చేతులు కట్టుకొని నిలవడ్డడు. "పెద్దమ్మా, జోడు దాణా ఐపోయింది. వచ్చేదాక మిషన్ బందు పెడ్త" అన్నడు. నేను ఒక మాట చెప్పిన. ఆడదాని మాట. ఆయన మొగోడు, మిషన్ మీద ఎన్నేండ్లకెల్లి ఉన్నడు. అడ్డం చెప్పాలె గద. చెప్పలే. మల్ల తప్పు ఎవలిది?

అడ్డం చెప్పిండు.

చెప్పిండు. "గట్ల కలవది పెద్దమ్మా" అన్నడు. నేనేమన్నంటే, "నువ్వు పుట్టకముందుకెల్లి నేను పడుగుకు గంజి పట్టిన. చింతగింజల పిండి, నూనె. అవి గూడ కలవయ్. తిప్పితే కలుస్తయ్. చెయ్యి నొచ్చేదాక తిప్పాలె. దారం తెగుతున్నదంటే నూనె జర ఎక్కువ పోయాలె, మెత్తగైతది. గదే లెక్క. జోడు దాణా లేకుంటే రబ్బర్ ఇంకో గిన్నె ఎయ్యి, రెండుసార్లు నడుపు" అన్న.

ఆయన ఇంక నిలవడే ఉంటే, "ఎయ్యిరా! నా కార్ఖానాల నాకు అడ్డం చెప్తవా?" అన్న.

వేడి వేడి పిక్కర్ సాంచలకెల్లి తీసి నా చేతులకు ఇచ్చిండు. వంచిన. పలగలే. "సూడు" అన్న. మస్తు ఖుషీ అయిన. వేడి మీద ఏదైన వంగుతదని నాకు ఎరుకలేదా? ఎరుకనే. గంజి గూడ సల్లారినంకనే చూస్తం.

ఇయ్యాల యశోద బజారుకు పోయినంక గిన్నెల గంజి కాచిన. నూనె పోసి తిప్పిన. తిప్పి తిప్పి తెల్లగ, నున్నగ వచ్చింది. అవతల పెట్టిన. బట్టలు మడత పెట్టి వచ్చి చూస్తే నూనె మీదికొచ్చి నిలవడ్డది. అప్పుడు గుర్తుకొచ్చింది. మా అత్త గంజిల సబ్బు ముక్క ఎయ్యనిదే నూనె పోస్తుండకపోయె. నేను గూడ ఏండ్లకేండ్లు ఏసిన. కంపు రావద్దని ఏస్తుండిరి అనుకున్న. ఎందుకని ఎన్నడు అడగలే. నూనెను కలిపింది సబ్బు, నేను తిప్పుడు నా గొప్ప అనుకున్న.

గిన్నె తోమి బోర్లించిన. యశోదకు తెల్వదు.

రేపు పంచుల ముందర ఏం చెప్పాలె? మొదటి కేసే మంచిగున్నది. అదే చెప్త.

ఆగస్టు 11, ఆయితారం

జరిగింది జరిగినట్టు చెప్పుకుంట. ఎర్ర చుక్క నొక్కుడు మరిచి కొంత చెప్పిన, మల్ల మొదటికెల్లి.

సంఘం హాల్ల కూసున్నం. మొగోళ్ళు ముందర, మేం ఆడోళ్ళం గోడకు ఆనుకొని. నర్సప్ప పెద్ద పంచ్. నా మొగనికి తమ్ముని వరుస, నన్ను వదినె అంటడు. కిష్టయ్యను నడుమల నిలవెట్టిన్రు. తెల్లంగి ఏసుకొచ్చిండు పాపం, పెండ్లికొచ్చినట్టు.

నర్సప్ప అడిగిండు, "జోడు దాణా ఎయ్యలే. రబ్బర్ ఎక్కువేసినవ్. నీ అంతట నువ్వేనా, ఎవలన్న చెప్పిన్రా?"

కిష్టయ్య తలెత్తి ఆడోళ్ళ దిక్కు చూసిండు. సక్కగ నన్నే చూసిండు. నేను నా కాలి వేళ్ళు చూసుకున్న.

"తప్పు నాదే" అన్నడు.

వాళ్ళల్ల వాళ్ళు మాట్లాడుకున్నరు. ఇంక సోలాపుర్‌ల ఏ కార్ఖానాల గూడ కిష్టయ్యను మాల్ కలపనీకి పెట్టుకోవద్దన్నరు. గోదాముల సంచులు మోస్తే మోసుకోనియ్, మిషన్ ముట్టొద్దు అన్నరు. ఆయన "సరే" అన్నడు. సరే అనుకుంట అంగి గుండీ పట్టుకున్నడు. ఆ గుండీ ఊడొచ్చింది. చేతుల పట్టుకొని యాడ పెట్టాల్నో తెల్వక నిలవడ్డడు.

అప్పుడు లేసిన. ఎట్ల లేసిన్నో నాకే తెల్వదు. యశోద నా కొంగు గుంజింది, కొంగు ఆమె చేతులనే ఇడిసిన.

"ఆయన కాదు. నేను చెప్పిన" అన్న.

నర్సప్ప నన్ను చూసిండు. చూసి మెల్లగ నవ్విండు.

"కూసో వదినె. నీ మనసు పెద్దది."

"మనసు కాదయ్యా, మాట. నా మాట! రబ్బర్ ఇంకో గిన్నె ఎయ్యమన్న."

"మీరు విన్నరా?" అని అందరి దిక్కు తిరిగిండు. "పనోని మీద ఇంత ప్రేమున్న మాలికమ్మను ఈ పేటల ఇంకొకల్ని చూపెట్టుండ్రి. వదినె, మిషన్ సంగతి నీకేం ఎరుక? నీకు తెల్వదని యశోదనే మొన్న చెప్పింది. నువ్వు గూడ ఔనన్నవ్ గద."

అన్న. ఔనన్న. మొన్న పంచులు అడగనీకి వస్తే వీధిల నిలవడి నా నోటితోనే అన్న.

ఎవలో చప్పట్లు కొట్టిన్రు. ఆ ఎన్క అందరు కొట్టిన్రు. నేను తిట్టిన. నర్సప్పను, వాని అయ్యను, అందర్ని తిట్టిన. వాళ్ళు ఇంక నవ్విన్రు. "సుందరాబాయి నోరు ఇట్ల, గుండె అట్ల" అన్నరు.

కిష్టయ్య ఎప్పుడు ఎల్లిపోయిండో చూడలే.

ఆగస్టు 12, సోమారం

కూరగాయల ఆమె కొత్తిమీర కట్ట ఊకెనే ఇచ్చింది. "నీ అసొంటి మనిషికి" అన్నది. తీసుకున్న.

పచ్చడి చేసిన. తిన్న.

ఆగస్టు 13, మంగళారం

పొద్దుగాల్నే నర్సప్ప ఇంటికి పోయిన. "నీ పంచుల్ని తీసుకొని నా కార్ఖానాకు రా. రాకుంటే నీ వాకిట్ల కూసుంట, నీ ఇంటికి రథం పండుగ రాదు" అన్న. నోటికి భయపడి వచ్చిండు. ఇద్దర్ని ఎంబడి పట్టుకొచ్చిండు.

యశోద తలుపుకు అడ్డం నిలవడ్డది. "అత్తా, కార్ఖానా పేరు పోతది. గణేశ్ పెట్టిన పేరు."

"వాని పేరు నేనే తీసిన. జరుగు."

జరగలే. నితిన్ వచ్చి తల్లి చెయ్యి పట్టుకొని పక్కకు తీసిండు.

మిషన్ నేనే పెట్టిన. వేడి ఎక్కెదాక నిలవడ్డ. నైలాన్ దాణా పోసిన. రబ్బర్ పోసిన. ఇంకో గిన్నె పోసిన. జోడు దాణా సంచి అందరికి అవుపడెటట్టు పక్కకు పెట్టిన, మూతి ఇప్పలే. ఒకసారి నడిపిన. వచ్చిన దాణా మల్ల ఏసి ఇంకోసారి నడిపిన. నర్సప్ప మొకం మెల్లమెల్లగ మారింది.

"నీకు మిషన్ తెలుసా వదినె?"

"తెలుసు. అంతే కాదు. రెండుసార్లు నడిపిన్రని కిష్టయ్య మీకు చెప్పిండా? నితిన్‌కు చెప్పిండా? ఎవ్వలికి చెప్పలే. మరి నాకెట్ల ఎరుక? మనసు పెద్దగున్నోళ్ళకు గవి కలల వస్తయా?"

పిక్కర్ తీసిన. వేడి మీద వంచి చూపెట్టిన. "ఇది చూసే నేను గొప్పలు పోయిన" అన్న. నీళ్ళల ఏసి మొత్తం సల్లార్చి, అంచుకు కత్తి మొన పెట్టి లేపి నర్సప్ప చేతులకిచ్చిన. గోటితోని గుంజిండు. ఉల్లిగడ్డ పొర లెక్క లేసొచ్చింది. ఇంకో పొర. ఇంకోటి. ఆయన గూడ నేసినోడే, వయసుల ఉన్నప్పుడు మగ్గం ముందరనే ఉన్నడు. చేతుల పొరలు పట్టుకొని అట్లనే నిలవడ్డడు.

అప్పుడు అడిగిండు. ఆ మాట ఇన్ని దినాలు నాకు తట్టనే లేదని ఎవలికన్న చెప్తే నమ్ముతరా?

"ఈ మాల్ ఎల్లయ్య షెడ్డుకొక్కటికే పోయిందా?"

పోలే. మస్తు షెడ్లకు పోయింది. దాజీ పేట్ దాక పోయింది. ఈ దినాలన్ని ఆ పిక్కర్లు మగ్గాల మీద తన్నుకుంటనే ఉన్నయ్. ఒక్కో మగ్గం పక్కన ఒక కమల కూసోనే ఉన్నది. నేను ఈడ ఫోన్‌కు కేసు చెప్పుకుంట కూసున్న.

ఆగస్టు 14, బుధారం

మాల్ వాపస్ తెస్తున్నం. ఒక దిక్కు యశోద, ఒక దిక్కు నితిన్. యశోద నాతోని మాట్లాడుతలేదు, గని పొద్దుగాల అందరికంటే ముందుగాల చెప్పులు తొడిగింది ఆమెనే.

కిష్టయ్య ఇంటికి పోయిన. కిష్టయ్య అరుగు మీద కూసొని ఉన్నడు. లేసి నిలవడ్డడు. ఇంక గూడ లేస్తడు నన్ను చూస్తే.

"పంచులు మాట వాపస్ తీసుకున్నరు. పనికి రా" అన్న.

"నేను రాను పెద్దమ్మా. హోట్గి రోడ్ల ఒకాయన పిలిచిండు. ఆడ చేస్త."

"తప్పు నీదని ఎందుకన్నవ్? నేనేమన్న అనుమన్ననా?"

"నీ మొకం చూసిన. నువ్వు కిందికి చూసినవ్. ఇంక నేనేమనాలె?"

"ఎన్క లేసిన గద."

"లేసినవ్." లోపటికెల్లి నీళ్ళు తెచ్చిచ్చిండు. తాగి గ్లాస్ కింద పెట్టి వచ్చిన.

ఆగస్టు 16, శుక్కురారం

కమల కన్ను పట్టీ ఇప్పిన్రు. వెలుతురు తెలుస్తున్నదట. మనిషి మొకం తెలుస్తలేదట. నేను పోయి చెప్పిన, జరిగింది మొత్తం చెప్పిన. అత్తమ్మా అనలే. అవతలికి తిరిగి పండుకున్నది. కోపం వచ్చింది పిల్లకు. రానియ్.

ఆగస్టు 17, శనారం

దాజీ పేట్‌ల మంగేశ్ అని ఒక పోరడు, తండ్రి షెడ్ నడుపుతున్నడు. అందరు పిక్కర్లు వాపస్ ఇచ్చిన్రు, వాడు మగ్గం ఆపనన్నడు. రథం ముందర పని, పిక్కర్ మంచిగనే నడుస్తున్నది, పున్నమ అయినంక రా అన్నడు. మగ్గాల మోతల వాని నోరు ఆడుతున్నది గని మాట సగమే వినవడ్తది. నేను ఒర్రుతున్న, వానికి గూడ సగమే వినవడ్తున్నది.

మగ్గం పక్కన కండెలు చుట్టే పిల్ల కూసున్నది. మనీషా అట పేరు. చెయ్యి పట్టి లేపి బయటకు పంపిన. ఆమె పీట మీద నేను కూసున్న. నాడె వచ్చి తాకి మల్ల పోయే మూలకు సక్కగ మొకం పెట్టి కూసున్న. తన్నినప్పుడల్ల గాలి నా చెంపకు తాకుతున్నది.

మంగేశ్ ఉరికొచ్చిండు. "ఏ ముసలమ్మా, లే! తగుల్తది!"

"తగలనియ్!"

"పాగల్ అయినవా? లే అంటున్న!"

"మంచిగ నడుస్తున్నదంటివి గద! మల్ల భయమెందుకు?"

"ఆ పిక్కర్ పలుగుతదని నీకెట్ల ఎరుక?"

నేను ఏమన్ననో వానికి వినవడలే. చెయ్యి చెవు కాడ పెట్టి "ఆఁ?" అన్నడు. మల్ల చెప్పిన. మల్ల "ఆఁ?" అన్నడు. గొంతంత పెట్టి ఒర్రుతుంటే వాడు పోయి మీట కిందికి గుంజిండు. ఆ మగ్గం ఒక్కటే కాదు, షెడ్డుల మొత్తం మగ్గాలు ఒక్కసారి ఆగినయ్. నా నోరు ఆగలే.

"నేనే చెడగొట్టిన!"

అంత సప్పుడు లేని షెడ్డుల ఆ మాట గోడ గోడకు తాకింది. మగ్గాల ఎనకకెల్లి ఒక్కొక్క తల లేసి నన్ను చూసింది. నేను ఈసారి కిందికి చూడలే.